మధ్యలో అరిగిన మర

నిన్న రాత్రి టేబుల్ మీద తుడవడం మరిచిన
నా బొటనవేలి ముద్ర
పొద్దున్నకి ఎర్రగా మొలిచింది.
గాజువాకలో అంతే.
షెడ్డు లోంచి సముద్రం కనపడదు గానీ
ఇనప్పని పలకరించడానికి రాత్రిళ్లు వచ్చిపోతుంది.

కిరసనాయిలు గుడ్డతో ముద్ర చెరిపి
ఆయిల్ క్యాను ముక్కు ఒత్తుతూ చుట్టూ తిరిగాను.
ఈ మిల్లింగ్ మిషను నాకంటే ఏడేళ్లు పెద్దది.
ఏదో రేవు వర్క్‌షాపు వేలంలో
తుక్కు ధరకి కొన్నాడు మా ఓనరు బంగార్రాజు.
లారీ లోంచి దింపుతుంటే గొలుసు జారి
ఒక హ్యాండిలు వంగింది. ఇంకా అలాగే ఉంది.
ఆ వంపుకి నా మణికట్టు అలవాటు పడింది.

గొడవేటంటే, అంకెలు అబద్ధమాడుతున్నాయి.
డయల్లో నలభై తిప్పితే
టేబుల్ కదిలేది ఇరవై ఎనిమిది.
మిగతా పన్నెండూ నా చేతికీ దానికీ మధ్య
ఎక్కడో ఉండిపోతున్నాయి.
కట్టర్ కీచుమంటోంది.
బోటు ఇంజను ఫ్లాంజి మొహం నిండా
చేప పొలుసుల్లాంటి గీతలు.
జాలారిపేట నుంచి రోజూ ఫోను:
"నాలుగ్గోజుల్లో యేట మొదలు బాబూ,
నా బోటొక్కటే ఒడ్డునుండిపోద్ది."

నట్టు బిగించేద్దాం అన్నాడు గౌరీసు,
ఐటీఐ నుంచి ఈమధ్యే వచ్చిన కుర్రాడు.
బిగించాం.
నడుమ బాగానే నడిచింది.
అంచుకొచ్చేసరికి
ఇద్దరం హ్యాండిలుకి వేలాడినా కదల్లేదు.

విప్పాం. స్క్రూ బయటికి లాగి
ట్యూబ్‌లైటు కింద గోటితో తడిమాను.
అటు చివర మర నిండుగా ఉంది, ఇటు చివరా నిండుగా ఉంది.
నడుమ జానెడు మేర
అరగబోతున్న సబ్బుబిళ్ల.
నలభై ఏళ్లు అందరూ ఆ జానెడులోనే పని చేశారు.
అంచుల దాకా వెళ్లాల్సినంత పొడుగు పని
దీనికెవరూ ఇవ్వలేదు.

జిబ్ లాగితే దాని వెనక
పౌడరు డబ్బా రేకు ముక్క.
మూలలు ఆకురాయితో నున్నగా అరగదీసి పెట్టాడెవరో.
రేకు మీద ఇంకా సగం గులాబీ.
ఇంట్లోంచి తెచ్చుంటాడు,
ఆ సాయంత్రం తిట్లు తినే ఉంటాడు.
గౌరీసు పారేయబోతే చెయ్యి పట్టుకున్నాను.
మైక్రోమీటరు పెట్టి చూస్తే
ఎంత మందం కావాలో అంతే ఉంది.
తుడిచి మళ్లీ అక్కడే పెట్టాను, గులాబీ లోపలికి.

కొత్త స్క్రూ ఖరీదు విని బంగార్రాజు
టీ చల్లారేదాకా మాట్లాడలేదు.

కంచరపాలెంలో నాకు పని నేర్పిన దాలయ్య మేస్త్రికి
ఎడమచేతికి మూడే వేళ్లు.
పోయినవాటి సంగతడిగితే
"మిషనాపకుండా సిప్పులు తుడిసేను" అని
బీడీ వెలిగించుకునేవాడు.
ఆయనే అన్నాడు ఒకసారి:
"మరలో కాళీ ఉంటే మరని తిట్టకు.
దాటెల్లిపోతే బాగా ఎనక్కెల్లి మల్లీ రా.
ఎప్పుడొచ్చినా ఒకే పక్క నించి రా.
అప్పుడది నిన్ను మోసం సెయ్యదు."

నట్టు కాస్త వదులు చేశాను,
అంచుల దాకా తిరిగేంత.
జిబ్ సరిచేసి, డయల్ గేజి ఆనించి
భుజంతో టేబుల్ని నెట్టి ముల్లు చూశాను.
రెండు గీతలు. చాలు.
కదలక్కర్లేని స్లైడులన్నీ బిగించేశాను.
కట్టర్ లాక్కుపోకుండా
దానికి ఎదురుగానే పని నడిపిద్దామన్నాను.

గౌరీసు చేతి మీద నా చెయ్యి.
ఒక చుట్టు వెనక్కి, మెల్లగా ముందుకి.
"ఖాళీ అయిపోయిన చోటు చేతికి తగుల్తుంది, తగిలిందా?"
లేదన్నాడు.
అయిదోసారీ లేదన్నాడు.
తర్వాత ఏమీ అనకుండా
హ్యాండిలు మీద ఆగిపోయాడు.

కట్టర్ దిగింది.
నూనెలో వడియం వేగుతున్న చప్పుడు.
ఫ్లాంజి మీద ట్యూబ్‌లైటు వంకర లేకుండా కనిపించింది.

షట్టరు దించేముందు టేబుల్ అంతా తుడిచాను.
ఓ మూల గౌరీసు వేలిముద్ర ఉంది.
చూసీ వదిలేశాను.
రేపు పొద్దున్న వాడే చూస్తాడు.